లొసుగు లేని విలన్

మొన్న నందిగామ బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఏదో కొత్త సినిమా గురించి వాదించుకుంటున్నారు. హీరో బానే ఉన్నాడట, ఫైట్లు బానే ఉన్నాయట, విలనే వీక్‌గా ఉన్నాడట. "వాడికసలు ఏం కావాలో వాడికే తెలీదు మావా" అన్నాడు కిటికీ పక్కవాడు. ఆ ఒక్క ముక్కకి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కన కూర్చున్నావిడ ఏమైందమ్మా అని అడిగింది. దుమ్ము పడిందన్నాను. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే బస్సులో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

మా ప్లీడరు గారు ఆ బస్సులో ఉంటే సీటు మారి ఆ కుర్రాడి పక్కన ఇరుక్కుని కూర్చునేవారు. నందిగామ వచ్చేలోపు వాడి చేతే ఒక విలన్ని తయారు చేయించి, దిగేటప్పుడు వాడితో చేతులు కలిపేవారు. ఆయన అలాంటి మనిషి. ఆయనకి లోకంలో జాలిపడదగ్గ వస్తువంటూ ఒకటుంటే అది సరిగ్గా తయారుకాని విలన్.

ఆయన నందిగామ కోర్టులో జుట్టు నెరిసేదాకా ప్రాక్టీసు చేశారు. గెలిచిన కేసుల గురించి ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి అవి పెద్దగా లేవనే అనుకోవాలి. నాకు పరిచయమైంది మా కొట్లో. జగ్గయ్యపేట మెయిన్ బజారులో మాది స్టేషనరీ, ఫ్యాన్సీ సామాన్ల కొట్టు. ఎవరిదో పొలం తగాదా చూడ్డానికొచ్చి, ఎండన పడి మా కొట్లోకి దూరి, ఇరవై ముఖాల పాచికలున్నాయా అని అడిగారు. ఆరు ముఖాల వాటికే ఇక్కడ దిక్కులేదండీ అన్నాను. ఇంకొకరైతే వెళ్లిపోయేవారు. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని ఆ పాచికలెందుకో చెప్పడం మొదలుపెట్టారు. బేరం పోతే పోయిందని నేనూ విన్నాను.

అది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్రలోకి దూరి, ఇప్పుడు నేనిది చేస్తానని చెబుతారు. చేసింది పారిందో లేదో పాచిక తేలుస్తుంది. ఎదురు నిలిచే విలన్లందరినీ కథ నడిపేవారే ఆడించాలి. కరోనా రోజుల్లో కోర్టులు మూసేస్తే, ఎక్కడో ఎవరో ఆడుతుంటే ఫోన్లో చూసి, లావుపాటి ఇంగ్లీషు రూల్ బుక్కు తెప్పించుకున్నారట. దాన్ని చట్టం చదివినట్టు చదివారు. పెన్సిలుతో గీతలు గీసి, మార్జిన్లో ప్రశ్నార్థకాలు పెట్టి, ఎక్కడెక్కడ ఏం రాయలేదో వెతికారు. రాసింది అందరూ చదువుతారమ్మా, రాయంది చదవడానికే ప్లీడరుకి ఫీజు అనేవారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఆఫీసు గదిలో ఆడేవాళ్లం. ఆయన కాక ముగ్గురం. నేను, మా వీధిలోనే అద్దెకుండే కిశోర్, రెడ్డిగూడెం వైపు హైస్కూల్లో సోషల్ చెప్పే డేవిడ్. కిశోర్ సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాడు. ఏది చూసినా కొలత ప్రకారం ఉండాలంటాడు. డేవిడ్ ఏదో సర్వీసు కేసు పని మీద ప్లీడరు గారి దగ్గరికొచ్చి, కేసు సంగతి మర్చిపోయి ఆటలో చేరాడు. రెండు బస్సులు మారి వచ్చేవాడు. లోపల్నుంచి ప్లీడరు గారి భార్య, మేము అక్కయ్య గారనేవాళ్లం, పునుగుల పళ్లెం తెచ్చి పెట్టి, ఇవాళ ఎవర్ని చంపుతున్నారని అడిగి వెళ్లేది.

రూల్ బుక్కు ప్రకారం విలన్ అంటే కొన్ని అంకెలు. ఎంత దెబ్బ కొడతాడు, ఎంత దెబ్బ తట్టుకుంటాడు, కవచం ఎంత గట్టిది. తట్టుకునే అంకె సున్నాకొస్తే చచ్చిపోతాడు. మొదటి రోజు ఆ పేజీ తెరిచి కిశోర్ ముందు పెట్టి, "ఇది మీ ఫ్యాక్టరీ బస్తా మీద వేసే అచ్చయ్యా. గ్రేడు, బరువు, తయారైన వారం. ఇందులో మనిషేడీ?" అన్నారు ప్లీడరు గారు.

ఆయన పద్ధతి వేరు. బుక్కులో విలన్‌కి ఇచ్చిన రూల్సులోంచి ఒకటి కొట్టేసేవారు. ఆ ఖాళీలో ఒక అలవాటు పెట్టేవారు. ఆ అలవాట్ల కోసం కనిపించిన ప్రతివాణ్నీ పొద్దున్నే లేచి మొట్టమొదట ఏం చేస్తారని అడిగేవారు. కక్షిదారుల్నీ అడిగేవారు. పాపం వాళ్లు అది కేసుకి సంబంధించిన ప్రశ్నేమో అనుకుని, పక్కవాణ్ని కూడా తోడు తెచ్చుకుని మరీ జవాబు చెప్పేవాళ్లు. ఇంకొకటి, తన విలన్లని ఎప్పుడూ గారు అనే పిలిచేవారు. గొంతు పెంచి మాట్లాడించేవారు కాదు. అరిచేవాడు విలన్ కాదమ్మా, విలన్ దగ్గర గుమాస్తా అనేవారు.

దారి దొర గారని ఒకడు ఉండేవాడు. సరిహద్దులో గేటు పెట్టుకుని కూర్చుంటాడు. కత్తి పట్టడు. దాటే ప్రతివాడి దగ్గరా ఏదో ఒకటి తీసుకుంటాడు, డబ్బు మాత్రం కాదు. నా పాత్ర దగ్గర పేరు తీసుకున్నాడు. డేవిడ్ పాత్ర దగ్గర మాట తీసుకున్నాడు. ఇక ఆ మధ్యాహ్నమంతా డేవిడ్ చేతులు తిప్పుతూ సైగలతోనే ఆడాడు. పిల్లలకి పాఠం చెప్పీ చెప్పీ అరిగిన గొంతు కదా, ఇదేదో బానే ఉందన్నట్టు కనిపించాడు. కత్తితో నరికినా, నిప్పు పెట్టినా దొర గారికి ఏమీ కాలేదు. చివరికి డేవిడ్ సైగలతోనే ఆయన్ని గేటుకి అవతలున్న తన ఇంటికి భోజనానికి పిలిచాడు. పిలిస్తే రాకుండా ఉండలేని మర్యాదస్తుడు దొర గారు. గేటు దాటాడు. దాటితే తనూ ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. అన్నీ గేటు దాటినవాళ్ల దగ్గర తీసుకున్నవే తప్ప తనదంటూ ఏమీ లేదు. అక్కడ పట్టుబడ్డాడు.

అప్పుడు ప్లీడరు గారు కుర్చీలోంచి లేచారు. విలన్ తరఫున మా ముగ్గురికీ చేతులు జోడించి, "దొరికిపోయానండి" అన్నారు. ఆ ముఖం చూడాలి. గెలిచిన మేము అంత సంతోషంగా ఉండి ఉండం. ప్రతి విలన్ దగ్గరా అదే తంతు. ఓడిపోయిన రోజు ఆ మనిషి పదేళ్లు వెనక్కి వెళ్లినట్టుండేవారు.

ఆ పట్టుబడే చోటుని ఆయన లొసుగు అనేవారు. కోర్టు మాటే. కిశోర్‌కి మాత్రం దాని మీద అనుమానం. రూల్ బుక్కులో లేని విలన్ కదా, మనం చేసేదాన్ని బట్టి సార్ అప్పటికప్పుడు మార్చేసుకుంటున్నారేమోనని నసిగాడు. ప్లీడరు గారికి కోపం రాలేదు. న్యాయమైన అభ్యంతరమేనని చెప్పి, అయితే సాక్షిని పెడతానన్నారు. అప్పట్నుంచీ కొత్త కథ మొదలయ్యే ముందు మాలో ఒకర్ని వరండాలోకి తీసుకెళ్లి, ఈ విలన్ లొసుగు ఫలానా అని చెప్పేసేవారు. ఆ ఒకరు మామూలుగానే ఆడాలి. ఏమీ తెలియనట్టు కత్తి దూయాలి, తన్నులు తినాలి. కథ ముగిశాక, మొదట చెప్పింది ఇదేనా కాదా అని సాక్ష్యం చెప్పాలి. బయట వాళ్లు వింటే నవ్వుతారు గానీ మాకది చాలా పెద్ద విషయం. కిశోర్ సాక్షి అయితే పది నిమిషాల్లో చెవులు ఎర్రబడిపోయేవి. నేను కొట్లో బేరాలాడే మనిషిని, నా ముఖంలో ఏదీ దొరికేది కాదు.

తర్వాత ఆయనకి దగ్గు పట్టుకుంది. కోర్టు మెట్లెక్కి పైన ఆగి, స్తంభం మీద చెయ్యి వేసి, ఎవరికోసమో చూస్తున్నట్టు నటించేవారట. విజయవాడ తీసుకెళితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు. మందు కాస్త ఆలస్యం చేస్తుంది, వెనక్కి తిప్పలేదు. ఆయన సిగరెట్టు కాల్చలేదు, ఏ క్వారీలోనూ పనిచెయ్యలేదు. తిరిగొచ్చిన ఆదివారం ఆ సంగతి మాకు చెబుతున్నప్పుడు ఆయన గొంతులో భయం కంటే చిరాకు ఎక్కువ వినిపించింది. "కారణమేంటని అడిగానయ్యా డాక్టర్ని. కారణం ఉండదండీ కొందరికి, వస్తుందంతే అన్నాడు. వస్తుందంతే అంటే ఏంటి? దాన్నెట్లా క్రాస్ ఎగ్జామిన్ చెయ్యాలి?" అన్నారు.

ఆ తర్వాతి వారమే కొత్త కథ. వరండాలోకి నన్ను పిలిచారు. అక్కయ్య గారు ఆరేసిన బట్టల పక్కన నిలబడి, మామూలుగా చెప్పినట్టే చెప్పారు.

"ఈసారి సాక్షివి నువ్వేనమ్మా. ఈయనకి లొసుగు లేదు."

ఆట పట్టిస్తున్నారనుకున్నాను. మరి ఈయనకి ఏం కావాలండీ అన్నాను. ఏదో ఒకటి కావలసినవాడే విలన్ అవుతాడని మాకు నేర్పింది ఆయనే మరి.

"ఏమీ అక్కర్లేదు" అన్నారు.

కథలో ఒక ఊరు. ఆ ఊళ్లోకి తెల్లబట్టలు వేసుకున్న మనిషొకాయన నడిచి వస్తాడు. ఏ ఇంటి ముందు కాసేపు నిలబడితే ఆ ఇంటి కిటికీలు రాయి అయిపోయి గోడలో కలిసిపోతాయి. లోపలివాళ్లకి గాలి తగ్గిపోతుంది. ఆయన నమస్కారం పెట్టి పక్కింటికి వెళతాడు. ఇది ఎవరి కథో బల్ల దగ్గర ఎవరికీ తెలియక కాదు. ఎవరూ పైకి అనలేదు, అంతే.

డేవిడ్, కిశోర్ వారం వారం కొత్త ఉపాయంతో వచ్చేవాళ్లు. నరికారు. తెగలేదు. బతిమాలారు. అలాగేనండి అని విని నడిచాడు. భోజనానికి పిలిచారు. వచ్చి, తిని, పప్పు బాగుందని మెచ్చుకుని వెళ్లాడు, ఆ ఇంటి కిటికీలు పోయాయి. ఊరు వదిలి పోదామన్నారు. ఊరివాళ్లు ఎక్కడికెళితే అక్కడికే వచ్చాడు, వెంబడిస్తున్నట్టు కాదు, దారి అదే అన్నట్టు. ఏం కావాలండీ మీకు అని డేవిడ్ ఎన్ని రకాలుగా అడిగినా, ప్లీడరు గారు మెత్తగా ఏమీ వద్దండి అనేవారు. నేనూ వాళ్లతోపాటు కత్తి తిప్పేదాన్ని. ఉందని వాళ్లు నమ్ముతున్నదాన్ని వాళ్లతో కలిసి వెతకడం, అది లేదని తెలిసి వెతకడం, నా శత్రువుకి కూడా వద్దు.

ఒకసారి నందిగామ బస్టాండులో డేవిడ్ నాతో అన్నాడు. "లొసుగు దొరికితే ఆయనకి తగ్గిపోద్దని కాదక్కా. నాకా మాత్రం తెలుసు. ఇంకొక్కసారి ఆయన లేచి దొరికిపోయానండి అనాలి. అది చూసి ఇంటికెళ్లాలి. అంతే." మైలవరం బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు. నేను జగ్గయ్యపేట బస్సొచ్చినా ఎక్కలేదు.

వెనక్కి నడిచి ప్లీడరు గారింటికి వెళ్లాను. ఒక్క లొసుగు పెట్టండి, చిన్నది, వాళ్లకేం తెలుస్తుంది అన్నాను. ఆయన అప్పటికే ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని ఉంటున్నారు. గదిలో ఆ మిషన్ గురగురమంటోంది.

"నీకు తెలుస్తుందిగా" అన్నారు. గొట్టం సరిచేసుకుని, "నువ్వు లేకపోతే ఎప్పుడో పెట్టుండేవాణ్ని" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. చావబోయే మనిషి మీద కోపం తెచ్చుకోకూడదని ఎవరైనా అంటే వాళ్లకి మనుషులు తెలియదనే చెబుతాను. ఆయన నిజాయితీ మీద కోపం, నన్ను వరండాలోకి పిలిచినందుకు కోపం. సరుకు వస్తోందని అబద్ధం చెప్పి తర్వాతి ఆదివారం వెళ్లలేదు. సాక్షి లేనప్పుడైనా మార్చుకుంటారని నా ఆశ. ఆ పైవారం వెళ్లేసరికి కిశోర్ చెప్పాడు, నువ్వు రాలేదని సార్ ఆట పెట్టలేదని. సాక్షి లేకుండా ఎలా ఆడతామయ్యా అన్నారట.

ఆఖరి ఆదివారం నాకు బాగా గుర్తుంది. డేవిడ్ చాలా ఆలోచించి వచ్చాడు. ఆయనకేమీ అక్కర్లేదు కాబట్టే మనకి చిక్కడం లేదు, అందుకని ఆయనకి ఏదో ఒకటి కావాలనిపించేలా చేస్తానన్నాడు. డేవిడ్ పాత్ర ఆ తెల్లబట్టలాయన పక్కనే నడుస్తూ కథ చెప్పడం మొదలుపెట్టింది. తప్పిపోయిన గేదె కథ. ఒక ముసలమ్మ గేదె తప్పిపోయింది. ఊరూరా వెతుకుతోంది. ప్రతి ఊళ్లోనూ ఇప్పుడే ఇటు వెళ్లిందంటారు. క్లాసు చెప్పీ చెప్పీ పదునెక్కిన నోరు. ప్లీడరు గారు ఆయాసపడుతూనే ముందుకు వంగి విన్నారు. ముసలమ్మ వాగు దాటి, గడ్డివాము వెనక గంట చప్పుడు విని పరిగెత్తిందని చెప్పి, అక్కడ కథ ఆపేశాడు డేవిడ్. ఇప్పుడాయన నన్ను తర్వాతేమైందని అడగాలి, అడిగితే ఆయనకి ఒకటి కావాలన్నమాటే అని పాచిక వేశాడు.

ఇరవై పడింది. అంతకు మించి పడదు. కిశోర్ రూల్ బుక్కు తెరిచి, ఇరవై పడితే పారినట్టేనండీ, ఇందులో ఉంది అని వేలు పెట్టి చూపించాడు. అక్కయ్య గారు కూడా పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

ప్లీడరు గారు నా వైపు చూశారు. నేను తలూపాను. ఒప్పుకోండి అని, నేను ఎవరికీ ఏమీ చెప్పనని, అంత స్పష్టంగా నా జన్మలో ఎప్పుడూ తలూపి ఉండను. ఆయనకి అర్థమైంది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఆయన కాసేపు ఆగాడు" అన్నారు. మిషన్ గురగురలో ఆ గొంతు కోసం మేం బల్ల మీదికి వంగాం. "కథ బాగుందండి అన్నాడు. తర్వాతేమైందని అడగలా. నడిచాడు."

కిశోర్ పుస్తకం మూశాడు. ప్లీడరు గారు డేవిడ్ చెయ్యి మీద చెయ్యి వేసి, "నా సర్వీసులో ఇంత మంచి వాదన వినలా మాస్టారూ. వాదనలో తప్పు లేదు. కేసులోనే ఏమీ లేదు" అన్నారు. కాస్త ఊపిరి తీసుకుని, "గేదె దొరికిందా?" అని అడిగారు.

"దొరికిందండి" అన్నాడు డేవిడ్. చెప్పి, ముఖం కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాత ఆట సాగలేదు. ఆయన విజయవాడ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

పెద్దకర్మకి ముగ్గురం వెళ్లాం. కోర్టు వాళ్లు వచ్చి, తిని, ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లిపోయారు. ఆయన ఆఫీసు గదిలో బల్ల తీసేసి చాపలు పరిచారు. వచ్చేముందు అక్కయ్య గారు డేవిడ్‌ని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంది. ఆ మహాతల్లికి మా ఆట ఓనమాలు తెలియవు. డేవిడ్ కుమిలిపోతున్నాడని మాత్రం తెలుసు. "మీరు బాగా దగ్గరికొచ్చేశారని ఆసుపత్రిలో ఆయన చెప్పారు మాస్టారూ. ఇంకొక్క వారం ఆడుంటే మీకు దొరికేసేదంట" అంది. ఆయన నిజంగానే అలా అన్నారో, ఈవిడే కల్పించిందో నాకు తెలియదు. ఎవరు అన్నా మంచికే అన్నారు.

డేవిడ్ ముఖం పాలిపోయింది. మధ్యలో ఒక ఆదివారం స్కూలు ట్రైనింగని వాడు రాలేదు. ఆ ఆదివారం వచ్చుంటే ఆ ఇంకొక్క వారం అదేగా అన్నాడు, ఎవరితోనో కాదు, చాపతో అన్నట్టుగా. వాణ్ని రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఆడేటప్పుడు చెప్పకూడదు గానీ ఆట ముగిసింది కదా, సాక్ష్యం చెప్పడం నా పనే. లొసుగు లేదురా, మొదటి రోజునే నాకు చెప్పారు, నువ్వు ఏ వారం వచ్చినా రాకపోయినా ఒకటే అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

డేవిడ్ నా వైపు చూసి, నా భుజం తట్టాడు. నన్నే ఓదారుస్తున్నట్టుగా.

"నేను బాధపడతానని అలా అంటున్నావు, నాకు తెలుసక్కా" అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు నేను కొట్టు తీసే ఉంచుతున్నాను. మధ్యాహ్నం పూట డేవిడ్ ఫోన్ చేస్తాడు. కొత్తగా తట్టిన ఉపాయం చెప్పి, ఇదేనా అక్కా అంటాడు. కాదురా, లేదు అంటాను. సరేలే, ఇంకోటి ఆలోచిస్తా అని పెట్టేస్తాడు.